ఐసీయూలో క్యాన్సర్ రోగి: రక్తంలో చక్కెర హెచ్చుతగ్గులు దేనికి సూచిక?

తీవ్ర అనారోగ్యంతో ఐసీయూలో చేరిన మనిషికి రక్తంలో చక్కెర పెరగడం అరుదైన సంగతి కాదు. అంతకుముందు మధుమేహం ఛాయలే లేనివారిలోనూ డెసీలీటరుకు 200 మిల్లీగ్రాములు దాటిన రీడింగులు కనిపిస్తాయి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు శరీరం కార్టిసాల్, అడ్రినలిన్, గ్లూకగాన్ వంటి హార్మోన్లను పెద్ద ఎత్తున విడుదల చేస్తుంది. వాటి ప్రభావంతో కాలేయం గ్లూకోజ్‌ను తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. కండరాలు, కొవ్వు కణజాలం మాత్రం ఇన్సులిన్‌కు సరిగా స్పందించవు. క్యాన్సర్ రోగి విషయంలో వీటికి కణితి, దానికి వాడే మందులు, కొన్ని నెలలుగా సరైన తిండి అందక నీరసించిన శరీరం తోడవుతాయి. అందుకే ఈ రోగుల చార్టుల్లో చక్కెర అంకెలు ఒకచోట నిలవవు. ఉదయం 110 ఉన్నది మధ్యాహ్నానికి 260 అవుతుంది, అర్ధరాత్రికి 65కు పడిపోతుంది. ఈ ఊగిసలాట ఎక్కువగా ఉన్నవారిలో మరణాలూ ఎక్కువని చాలా పరిశీలనల్లో తేలింది. అయితే ఆ ఊగిసలాటే చావుకు కారణమవుతోందా, లేక అప్పటికే విషమించిన స్థితికి అది పైకి కనిపించే గుర్తు మాత్రమేనా అన్న దగ్గరే అసలు చిక్కు ఉంది.

ఐసీయూ వైద్యంలో చక్కెరపై ఇంత శ్రద్ధ మొదలైంది 2001లో. బెల్జియంలోని లూవెన్‌లో గ్రీట్ వాన్ డెన్ బెర్గ్ బృందం శస్త్రచికిత్సల ఐసీయూలోని 1,548 మందిపై ప్రయోగం జరిపి, ఇన్సులిన్‌తో చక్కెరను 80–110 మధ్య గట్టిగా బిగించి ఉంచితే ఐసీయూ మరణాలు 8 శాతం నుంచి 4.6 శాతానికి తగ్గాయని ప్రకటించింది. ప్రపంచమంతటా ఆసుపత్రులు ఆ బాట పట్టాయి. ఎనిమిదేళ్ల తర్వాత 6,104 మందితో జరిగిన నైస్-షుగర్ ప్రయోగం దీనికి పూర్తిగా విరుద్ధమైన ఫలితాన్ని ఇచ్చింది: చక్కెరను గట్టిగా అదుపు చేసిన వర్గంలో 90 రోజుల్లో 27.5 శాతం మంది, 180 లోపు ఉంటే చాలనుకున్న వర్గంలో 24.9 శాతం మంది మరణించారు. చక్కెర 40 లేదా అంతకంటే కిందికి పడిపోయిన ఘటనలు మొదటి వర్గంలో 6.8 శాతం మందికి, రెండో వర్గంలో 0.5 శాతం మందికి ఎదురయ్యాయి. లూవెన్ రోగులకు చేరిన తొలిరోజు నుంచే నరం ద్వారా 200–300 గ్రాముల గ్లూకోజ్ ఎక్కించేవారన్న సంగతి ఈ తేడాను అర్థం చేసుకోవడానికి కొంత ఉపకరిస్తుంది. ఎక్కువ చక్కెర పోసి, దాన్ని ఇన్సులిన్‌తో దించడం ఒక పరిస్థితి. పోయనిచోట దించడం పూర్తిగా వేరే పరిస్థితి. 2023లో అదే బెల్జియం నుంచి వెలువడిన 9,230 మంది ప్రయోగంలో, తొలిరోజుల్లో నరం ద్వారా పోషణ ఇవ్వనప్పుడు గట్టి అదుపు వల్ల ఐసీయూలో ఉండాల్సిన కాలం గాని, మరణాలు గాని తగ్గలేదు.

ఈ ప్రయోగాలన్నీ అడిగింది చక్కెర ఎంత ఉండాలన్న ప్రశ్న. అది ఎంత స్థిరంగా ఉండాలన్నది వేరే ప్రశ్న, దానికి సగటు జవాబు చెప్పలేదు. ఇద్దరు రోగులకు ఒకే రోజు ఐదుసార్లు పరీక్ష చేశారనుకుందాం. మొదటివారి రీడింగులు 140, 150, 160, 145, 155. రెండోవారివి 60, 240, 90, 230, 130. ఇద్దరి సగటూ 150యే. సగటును మాత్రమే చూసే వైద్యుడికి ఇద్దరూ క్షేమంగా ఉన్నట్టే కనిపిస్తారు. రీడింగులు సగటు నుంచి ఎంత దూరం చెదిరాయో చెప్పే ప్రామాణిక విచలనం లెక్కిస్తే మొదటివారికి దాదాపు 8, రెండోవారికి దాదాపు 82 వస్తుంది. ఆ విచలనాన్ని సగటుతో భాగించి శాతంగా చెప్పేదే విచలన గుణకం: మొదటివారికి సుమారు 5 శాతం, రెండోవారికి సుమారు 54 శాతం. చక్కెర ఊగిసలాటపై వచ్చే అధ్యయనాల్లో ఎక్కువ భాగం వాడేది ఈ గుణకాన్నే, ఎందుకంటే సగటు ఎక్కువున్నవారిలో విచలనం సహజంగానే ఎక్కువ కనిపించే ఇబ్బందిని అది కొంతవరకు తొలగిస్తుంది.

అయితే ఈ లెక్కలో ఒక లోపం ఉంది, దాన్ని చాలా వ్యాసాలు ఒక్క వాక్యంతో దాటేస్తాయి. 320, 270, 220, 180, 160 అనే ఐదు రీడింగులు వరుసగా వచ్చాయంటే, ఎక్కువ చక్కెరతో చేరిన రోగిని వైద్యబృందం నిదానంగా, సవ్యంగా కిందికి తెచ్చిందని అర్థం. అవే ఐదు అంకెలు 160, 320, 180, 270, 220 వరుసలో వస్తే చక్కెర అదుపు తప్పి పైకీ కిందికీ దూకుతోందని అర్థం. పేకముక్కలను ఎలా కలిపినా మొత్తం మారనట్టే, ఈ రెండు వరుసలకూ విచలన గుణకం ఒక్కటే: దాదాపు 28.5 శాతం. మంచి చికిత్సకూ, అదుపు తప్పిన చికిత్సకూ తేడా తెలియని కొలమానంతో మరణాన్ని ముడిపెట్టేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. వరుసగా వచ్చే రీడింగుల మధ్య తేడాలను లెక్కించే పద్ధతులూ, పెద్ద ఎగుడుదిగుళ్ల సగటు ఎత్తును తీసే పద్ధతీ లేకపోలేదు. కాని నాలుగు గంటలకో ఆరు గంటలకో ఒకసారి తీసే రీడింగులతో అవి అంత నమ్మకంగా పనిచేయవు.

ఈ పరిమితులన్నీ ఉన్నా, సంబంధం మాత్రం మళ్లీ మళ్లీ కనిపిస్తూనే ఉంది. 2006లో ఆస్ట్రేలియాలోని నాలుగు ఆసుపత్రుల నుంచి 7,049 మంది రికార్డులను పరిశీలించినప్పుడు, బతికినవారిలో ప్రామాణిక విచలనం సగటున లీటరుకు 1.7 మిల్లీమోల్‌లు, మరణించినవారిలో 2.3 మిల్లీమోల్‌లు ఉన్నట్టు తేలింది. మిల్లీగ్రాముల్లో చెబితే సుమారు 31, 41. రెండేళ్ల తర్వాత అమెరికాలో 3,252 మందిపై జేమ్స్ క్రిన్స్‌లీ చేసిన విశ్లేషణలోనూ, ఊగిసలాట పెరిగేకొద్దీ మరణాల శాతం మెట్టు మెట్టుగా పెరిగింది. 2013లో 23 ఐసీయూలకు చెందిన 44,964 మంది వివరాలను ఒకచోట చేర్చినప్పుడు బయటపడిన సంగతి మరింత ఆలోచించదగినది. విచలన గుణకం 20 శాతం లేదా అంతకు మించితే మరణ ముప్పు పెరగడం మధుమేహం లేనివారిలోనే స్పష్టంగా కనిపించింది; మధుమేహులలో కనిపించలేదు. ఏళ్ల తరబడి హెచ్చుతగ్గులకు అలవాటుపడిన శరీరం వాటిని తట్టుకుంటుందని ఒక వివరణ. మధుమేహం లేనివారిలో ఊగిసలాట వచ్చిందంటే జబ్బు అంత తీవ్రంగా ఉందని ఇంకో వివరణ. రెండో వివరణే నిజమైతే ఊగిసలాట కారణం కాదు, లక్షణం.

క్యాన్సర్ రోగుల వరకు వస్తే, ఎక్కువ సమాచారం రక్త క్యాన్సర్ల నుంచే ఉంది. 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకేమియాకు మొదటి దఫా కీమోథెరపీ తీసుకున్న 278 మంది పెద్దలను గమనించారు. వారిలో 37 శాతం మందికి ఆ తొలి నెలలో చక్కెర కనీసం రెండుసార్లు 200 తాకింది లేదా దాటింది. వారి మధ్యస్థ జీవితకాలం, అంటే సగం మంది బతికి ఉన్న కాలం, 29 నెలలు కాగా, చక్కెర పెరగనివారిది 88 నెలలు. ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలను దెబ్బతీసే సెప్సిస్ కూడా మొదటి వర్గంలోనే దాదాపు రెట్టింపు. 2009లో, ఇతరుల మూలకణాలతో మార్పిడి చేయించుకున్న 1,175 మంది పెద్దల రికార్డుల విశ్లేషణ ఇంకో అడుగు ముందుకు వేసింది: ఎక్కువ చక్కెర, తక్కువ చక్కెర, హెచ్చుతగ్గులు మూడింటికీ, క్యాన్సర్ తిరగబెట్టకుండానే సంభవించిన మరణాలతో సంబంధం ఉందని చూపింది. ఇటీవల బోస్టన్‌లోని ఒక ఆసుపత్రి ఐసీయూల వివరాలతో రూపొందిన మిమిక్ అనే బహిరంగ సమాచార నిధిని వాడి, తీవ్ర అనారోగ్యంలో ఉన్న క్యాన్సర్ రోగులపై ఇటువంటి విశ్లేషణలు వరుసగా వస్తున్నాయి. అవన్నీ గతం తాలూకు రికార్డులను తిరగేసి చేసినవే, ముందే పథకం వేసి చేసిన ప్రయోగాలు కావు.

ఇక్కడ ఒక అపోహను పక్కన పెట్టాలి. చక్కెర కణితికి మేత కాబట్టి చక్కెర పెరిగితే క్యాన్సర్ విజృంభించి రోగి చనిపోతాడన్న ప్రచారానికి, ఐసీయూలో జరిగేదానికి పెద్దగా పొత్తు లేదు. ఐసీయూలో గడిచే కొద్ది రోజుల్లో, వారాల్లో క్యాన్సర్ రోగిని బలిగొనేది చాలావరకు ఇన్ఫెక్షన్, శ్వాస వైఫల్యం, కిడ్నీలు లేదా కాలేయం చేతులెత్తేయడం, రక్తస్రావం. హెచ్చుతగ్గులు హాని చేస్తే, ఆ దారుల్లోనే చేయాలి. రక్తనాళాల లోపలి పొర కణాలను ఎప్పుడూ ఎక్కువగా ఉండే గ్లూకోజ్‌లో ఉంచినప్పటికంటే, ఎక్కువ తక్కువలు మారుతూ ఉండే గ్లూకోజ్‌లో ఉంచినప్పుడు అవి ఎక్కువగా చనిపోతాయని 2001లోనే ప్రయోగశాలలో చూపారు. 2006లో 21 మంది టైప్ 2 మధుమేహులపై జరిగిన ఒక ఫ్రెంచ్ పరిశీలనలో, కణాలను దెబ్బతీసే ఆక్సీకరణ ఒత్తిడికి సగటు చక్కెర కంటే ఎగుడుదిగుళ్లతోనే దగ్గరి సంబంధం కనిపించింది. చక్కెర పైకి వెళ్లినప్పుడు బ్యాక్టీరియాను మింగి చంపే తెల్లకణాల సామర్థ్యం తగ్గుతుంది. కీమోథెరపీ తర్వాత ఆ కణాలు అసలే వేళ్ల మీద లెక్కపెట్టే స్థితిలో ఉన్న రోగికి, మిగిలిన కొన్నీ మందగిస్తే నష్టం పెద్దది.

కింది వైపు ప్రమాదం ఇంకా సూటిగా ఉంటుంది. నైస్-షుగర్ సమాచారాన్ని 2012లో మళ్లీ విశ్లేషించినప్పుడు, చక్కెర 41–70 మధ్యకు పడినవారికి మరణ ముప్పు 1.41 రెట్లు, 40 లేదా అంతకంటే కిందికి పడినవారికి 2.1 రెట్లు ఉన్నట్టు తేలింది. మామూలు మనిషికి చక్కెర పడితే చెమటలు పడతాయి, వణుకు వస్తుంది, ఆకలి పుడుతుంది. వెంటిలేటర్ మీద మత్తుమందు ప్రభావంలో ఉన్న రోగికి ఈ హెచ్చరికలేవీ బయటపడవు. మెదడుకు గ్లూకోజ్ అందని నిమిషాలు ఎవరికీ తెలియకుండా గడిచిపోతాయి. చక్కెర వేగంగా పడినప్పుడు ఎగసే అడ్రినలిన్ గుండె లయనూ దెబ్బతీయగలదు.

క్యాన్సర్ వార్డులో హెచ్చుతగ్గులు ఎక్కడి నుంచి వస్తాయో చూస్తే విషయం మరింత విశదమవుతుంది. మొదటి స్థానం స్టెరాయిడ్లదే. వాంతులు ఆపడానికి, మెదడు కణితి చుట్టూ చేరిన వాపు తగ్గించడానికి, లింఫోమాలో, లుకేమియాలో చికిత్సగా కూడా వీటిని వాడతారు. ఉదయం ఒక మోతాదు ప్రెడ్నిసొలోన్ తీసుకున్నవారిలో చక్కెర మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు ఎక్కి, తెల్లవారేసరికి దాదాపు మామూలు స్థితికి వస్తుంది. పరగడుపు రీడింగు చూసి అంతా బాగుందనుకుంటే మోసపోవడమే. మరో స్టెరాయిడ్ డెక్సామెథసోన్ ప్రభావం ఒకటిన్నర రోజు నుంచి రెండు రోజులకు పైగా ఉంటుంది, కాబట్టి దాని తీరు వేరు. లుకేమియాలో వాడే ఆస్పరాజినేజ్ ఇన్సులిన్ తయారీనే తగ్గిస్తుంది, కొందరిలో క్లోమానికి వాపు తెస్తుంది. మూలకణ మార్పిడి తర్వాత ఇచ్చే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ చక్కెరను పెంచుతాయి. రొమ్ము క్యాన్సర్‌లో వాడే ఆల్పెలిసిబ్ మందుకు ఆధారమైన ప్రయోగంలో సగానికి పైగా రోగులకు చక్కెర పెరిగింది. రోగనిరోధక శక్తికి వేసిన కళ్లేలను వదిలే కొత్త ఇమ్యునోథెరపీ మందులు, నూటికి ఒకరికి అటూఇటూగా, ఇన్సులిన్ తయారుచేసే కణాలనే నాశనం చేసి, ఉన్నట్టుండి కీటోఅసిడోసిస్‌తో (ఇన్సులిన్ లేక రక్తం ఆమ్లమయ్యే ప్రమాదకర స్థితితో) ఐసీయూకు చేర్చగలవు.

చక్కెరను కిందికి లాగేవీ ఉన్నాయి. ఇన్సులిన్ కారే కణితులు అరుదు. కాలేయమంతా పాకిన క్యాన్సర్, చిక్కి శల్యమై గ్లైకోజెన్ (శరీరం దాచుకునే గ్లూకోజ్) నిల్వలు అడుగంటిన శరీరం, కిడ్నీలు పాడై ఇన్సులిన్ ఒంట్లోంచి త్వరగా పోని స్థితి మాత్రం ఐసీయూలో రోజూ ఎదురయ్యేవే. రోగనిరోధక శక్తి తగ్గినవారికి వచ్చే న్యుమోసిస్టిస్ న్యుమోనియాకు పెద్ద మోతాదుల్లో ఇచ్చే కోట్రైమోక్సజోల్, కొన్ని ఫ్లోరోక్వినొలోన్ యాంటీబయాటిక్‌లు కూడా చక్కెరను పడగొట్టగలవు.

వీటిని మించి, చికిత్స జరిగే తీరే పుట్టించే హెచ్చుతగ్గులు కొన్ని ఉన్నాయి. ముక్కు గొట్టం ద్వారా గంటకు ఇంత చొప్పున ఆహారం పోతున్న రోగికి ఇన్సులిన్ పంపు కూడా నడుస్తోందనుకుందాం. స్కాన్‌కు తీసుకెళ్లాలని కబురు రాగానే ఆహారం ఆపుతారు. ఇన్సులిన్ పంపు మాత్రం మంచంతోపాటు వెళ్తుంది, నడుస్తూనే ఉంటుంది. స్కాన్ గది దగ్గర ఆలస్యమవుతుంది. తిరిగి వచ్చేసరికి చక్కెర 52. వెంటనే 50 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ ద్రావణం) ఎక్కిస్తారు, ఇన్సులిన్ ఆపుతారు, ఆహారం మళ్లీ మొదలుపెడతారు. మూడు గంటల తర్వాత రీడింగు 290. షిఫ్టు మారి, కొత్తగా వచ్చిన నర్సు ఆ 290ని చూసి ఇన్సులిన్ పెంచుతుంది. ఇందులో రోగి శరీరం చేసిన తప్పు ఏదీ లేదు. నోటిపూత, వాంతులు, విరేచనాల వల్ల ఆహారం తరచూ ఆగిపోయే క్యాన్సర్ రోగికి ఇలాంటి సందర్భాలు ఇతరులకంటే ఎక్కువ. రీడింగు పెరిగినప్పుడే ఇంత ఇన్సులిన్ అని పట్టిక చూసి వేసే పద్ధతి కూడా చక్కెరను వెంటాడుతుందే తప్ప ముందుగా ఆపదు. అసలు హెచ్చుతగ్గుల్లో తగ్గించగలిగిన భాగం ఏదైనా ఉంటే అది ప్రధానంగా ఇక్కడే ఉంది, జబ్బు తీవ్రతలో కాదు.

ఇక కొలతలోనే తప్పులుంటే? క్యాన్సర్ రోగుల్లో ఇది చిన్న విషయం కాదు. కీమోథెరపీ వల్ల రక్తహీనత ఏర్పడి ఎర్రకణాల పాలు బాగా పడిపోతే, చాలా గ్లూకోమీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చక్కెర చూపుతాయి. ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ ఇస్తే నిజమైన చక్కెర ప్రమాదస్థాయికి పడిపోతుంది. రక్తపోటు పడిపోయి, చేతివేళ్లకు రక్తప్రసారం తగ్గిన రోగికి వేలి చుక్కతో చేసిన పరీక్ష నమ్మదగింది కాదు; ధమని నుంచి తీసిన రక్తాన్ని బ్లడ్ గ్యాస్ యంత్రంలో పరీక్షించడమే మేలు. నరం ద్వారా పెద్ద మోతాదుల్లో విటమిన్ సి ఎక్కించుకున్నవారిలోనూ కొన్ని మీటర్లు తప్పుడు అంకెలిస్తాయి. దీనికి వ్యతిరేక దిశలో జరిగేదీ ఉంది: లుకేమియాలో తెల్లకణాల సంఖ్య లక్షలు దాటినప్పుడు, ల్యాబ్‌కు వెళ్లే దారిలో ట్యూబులోనే ఆ కణాలు గ్లూకోజ్‌ను తినేస్తాయి. రోగి క్షేమంగానే ఉంటాడు, రిపోర్టులో మాత్రం 30 అని వస్తుంది. ఇలాంటి అంకెలు రికార్డులోకి ఎక్కి, తర్వాత ఎవరో వేలమంది సమాచారంతో విచలన గుణకం లెక్కించినప్పుడు అందులో కలిసిపోతాయి.

గత రికార్డులపై ఆధారపడిన అధ్యయనాలకు ఇంకా పెద్ద చిక్కులున్నాయి. జబ్బు ముదిరిన రోగికి పరీక్షలు ఎక్కువసార్లు చేస్తారు, స్టెరాయిడ్లు ఎక్కువ ఇస్తారు, ఇన్సులిన్ ఎక్కువ వాడతారు, ఆహారం ఎక్కువసార్లు ఆపుతారు. అంటే హెచ్చుతగ్గులు కనిపించే అవకాశమూ, చనిపోయే అవకాశమూ ఒకే మూలం నుంచి పెరుగుతాయి. తీవ్రతను కొలిచే స్కోర్లతో గణాంకపరంగా సవరించినా, క్యాన్సర్ ఏ దశలో ఉంది, చివరి కీమోథెరపీ ఎప్పుడు జరిగింది, స్టెరాయిడ్ ఎంత మోతాదులో వెళ్లింది అన్న వివరాలు చాలా సమాచార నిధుల్లో పూర్తిగా దొరకవు. రెండు రోజుల్లోనే చనిపోయినవారికి నాలుగైదు రీడింగులు, నెల ఉన్నవారికి వందల రీడింగులు ఉంటాయి. రెంటినీ ఒకే తూకంతో తూచడం సరికాదు. పైగా క్యాన్సర్ రోగుల్లో గణనీయమైన భాగం, కుటుంబమూ వైద్యులూ కలిసి ప్రాణాధార చికిత్సలు ఆపి ఉపశమనానికే పరిమితమవుదామని నిర్ణయించుకున్నాక మరణిస్తారు. అలాంటి మరణానికి చక్కెరను బాధ్యురాలిని చేయడం లెక్కకు సరిపోవచ్చు, నిజానికి సరిపోదు. హెచ్చుతగ్గులను తగ్గించడమే లక్ష్యంగా, క్యాన్సర్ రోగులను యాదృచ్ఛికంగా రెండు వర్గాలు చేసి జరిపే పెద్ద ప్రయోగం ఒక్కటే కారణమా గుర్తా అన్నది తేల్చగలదు.

అంతవరకు ఆచరణలో మార్గదర్శకాలు చెప్పేది నిరాడంబరమైనదే. సెప్సిస్ వైద్యంపై 2021లో సవరించిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చక్కెర 180 లేదా అంతకు మించినప్పుడు ఇన్సులిన్ మొదలుపెట్టి, 144–180 మధ్య ఉంచమంటాయి. క్యాన్సర్ రోగికి దీనికి భిన్నమైన అంకె పెట్టడానికి తగిన ఆధారం లేదు. మధుమేహం లేనివారిలో, 70–140 మధ్య గడిచిన సమయం 80 శాతం దాటితే బతికే అవకాశం మెరుగని 2015లో ఒక విశ్లేషణ చూపినా, దాన్ని లక్ష్యంగా పెట్టుకుని ఇన్సులిన్ పెంచితే చక్కెర పడిపోయే ముప్పు మళ్లీ ముందుకొస్తుంది. ఆహారం ఆగినప్పుడు ఇన్సులిన్ కూడా తప్పనిసరిగా ఆగేలా లేదా డెక్స్‌ట్రోజ్ మొదలయ్యేలా నియమం పెట్టడం, స్టెరాయిడ్ వేళలకు తగ్గట్టు ఇన్సులిన్ అమర్చడం, స్టెరాయిడ్ తగ్గించిన రోజే ఇన్సులిన్ మోతాదునూ తగ్గించడం వంటి పనులకు మాత్రం పెద్ద ప్రయోగం కోసం ఎదురుచూడనక్కరలేదు.

రోగి చక్కెర ఇప్పుడే పెరిగిందా, ముందునుంచీ ఎక్కువేనా అని తెలుసుకోవడానికి మామూలుగా గత రెండు మూడు నెలల సగటు చక్కెరను సూచించే హెచ్‌బీఏ1సీ పరీక్ష చూస్తారు. చేరినప్పటి చక్కెరను ఆ పరీక్ష సూచించే సగటుతో భాగించే నిష్పత్తి కూడా ఇటీవలి అధ్యయనాల్లో తరచూ కనిపిస్తోంది. కాని రక్తం ఎక్కించుకున్న, ఎర్రకణాల ఆయుష్షు మారిపోయిన, రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జ అణగిపోయిన రోగిలో హెచ్‌బీఏ1సీ చెప్పే మాటకు విలువ తక్కువ, కాబట్టి ఆ నిష్పత్తికీ అంతే. చర్మం కింద అమర్చి నిరంతరం చక్కెరను చూపే సెన్సర్లు విచలన గుణకం కంటే ఎంతో స్పష్టమైన చిత్రాన్ని ఇవ్వగలవు. అంకెల వరుసనూ, పడిపోయే వేగాన్నీ అవి పట్టుకుంటాయి. ఒళ్లంతా నీరు పట్టినా, రక్తపోటు పెంచే మందులు నడుస్తున్నా వాటి కచ్చితత్వం తగ్గవచ్చు, ప్లేట్‌లెట్లు బాగా తక్కువున్నచోట సూది గుచ్చడానికే వెనకాడాలి. లుకేమియాలో తెల్లకణాలను త్వరగా తగ్గించడానికి ఇచ్చే హైడ్రాక్సీయూరియా అయితే కొన్ని సెన్సర్లలో ఉన్నదానికంటే చాలా ఎక్కువ చక్కెర చూపిస్తుంది. అలాంటి రోగికి సెన్సర్ అంకెను బట్టి ఇన్సులిన్ వేయకుండా, ప్రతిసారీ ధమని రక్తంతో సరిచూసుకోవాలి.